సూదిమందు ఒక్కటే కాదు, సిరంజి కూడా చీటీలో రాయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

చెన్నైలో పిల్లికి షుగరు ఉందని తేలిన ఇంటివాళ్ళ చేతికి పశువుల డాక్టరు ఒక చీటీ ఇస్తారు. అందులో మామూలుగా ‘గ్లార్జిన్, ఉదయం 1 యూనిట్, సాయంత్రం 1 యూనిట్’ అని ఉంటుంది. గ్లార్జిన్ ఒక రకం ఇన్సులిన్. ఆ చీటీ పట్టుకుని వీధి చివరి మెడికల్ షాపుకు వెళితే మందు సరిగ్గానే ఇస్తారు. సిరంజి గురించి చీటీలో ఏమీ ఉండదు కాబట్టి, డబ్బాలో చేతికి ముందు ఏది తగిలితే అది ఇస్తారు. షుగరు పిల్లిని ఇంట్లో చూసుకోవడంలో అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ సంగతి తెలుగులో ఎక్కడా సరిగ్గా కనిపించడం లేదు. అందుకే ఉత్తరం కాస్త పొడుగైనా మీ పేజీలో చోటివ్వమని కోరుతున్నాం.

మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. మనుషులు మామూలుగా వాడే సీసా ఇన్సులిన్లు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. సీసా గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. 40 బలానికి ఎర్ర మూత సిరంజి, 100 బలానికి నారింజ రంగు మూత సిరంజి. ఎర్ర మూత సిరంజి మీద ఒక్క గీత అంటే మిల్లీలీటరులో నలభయ్యో వంతు. అందులోకి గ్లార్జిన్‌ను ఒక గీత వరకు లాగితే వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. 70 కిలోల మనిషికి ఒకటిన్నర యూనిట్ల తేడా పెద్ద లెక్కలోకి రాదు. 4 కిలోల పిల్లికి అదే తేడా ప్రాణం మీదికి తెస్తుంది. పైగా పొరపాటు జరిగినట్టు ఎవరికీ తెలియదు. గీత సరిగ్గా 1 దగ్గరే ఉంది కదా!

నారింజ మూత అడిగి తెచ్చుకుంటే చాలదా అంటే చాలదు. 1 మిల్లీలీటరు నారింజ మూత సిరంజి మీద ఒక్కో చిన్న గీత 2 యూనిట్లు. దాంతో ఒక యూనిట్ కొలవడమంటే గరిటెతో చిటికెడు ఉప్పు కొలిచినట్టే. అర మిల్లీలీటరు సిరంజిలో గీత ఒక యూనిట్. పిల్లికి కావలసింది 0.3 మిల్లీలీటరు సిరంజి, అందులోనూ అర యూనిట్ గీతలున్నది. ఎందుకంటే పిల్లి డోసు పెంచినా తగ్గించినా మామూలుగా అర యూనిట్ చొప్పునే మారుస్తారు. సూది 30 లేదా 31 గేజ్, పొడవు 6 లేదా 8 మిల్లీమీటర్లు అయితే బాగుంటుంది. వీధి షాపులో ఇది సిద్ధంగా ఉండకపోవచ్చు. ఒక పెట్టె తెప్పించమని ముందే చెప్పి, పాత పెట్టెలో పది సిరంజిలు మిగిలి ఉండగానే కొత్తది తెచ్చుకోవాలి. అయిపోయిన రోజు రాత్రి ఏడు గంటలకు పరిగెత్తినప్పుడే ఎర్ర మూతలు ఇంట్లోకి వస్తాయి. సూది విడిగా ఊడివచ్చే సిరంజిలు వద్దు. వాటి మూతి దగ్గర కొంత మందు నిలిచిపోతుంది, ఒక యూనిట్ డోసులో ఆ కాస్త కూడా తక్కువేమీ కాదు.

అందువల్ల డాక్టర్లకు మా విన్నపం ఒక్కటే. చీటీలో మందు పేరు కింద ‘100 బలం, 0.3 మిల్లీలీటరు, అర యూనిట్ గీతల సిరంజి’ అని ఒక వరుస రాయండి. షాపువాళ్ళకు విన్నపం: సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ఇచ్చే ముందు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అర నిమిషం పట్టదు.

ఇంకొక పొరపాటు మన ఇళ్ళలోనే ఉంది. చాలా ఇళ్ళలో తాతగారికో అమ్మమ్మకో షుగరు ఉంటుంది, ఫ్రిజ్ తలుపులో వాళ్ళ ఇన్సులిన్ సీసా ఉంటుంది. పిల్లి మందు అయిపోయిందని అది వాడకూడదు. మిక్స్‌టార్డ్ లాంటి మిశ్రమ ఇన్సులిన్లు వేగంగా దిగే భాగాన్ని, నిదానంగా దిగే భాగాన్ని కలిపి మనిషి భోజన వేళలకు తగినట్టు చేసినవి. పిల్లి ఒంట్లో వాటి పనితీరు వేరు. మధ్యాహ్నం షుగరు పాతాళానికి పడిపోయి సాయంత్రానికి మళ్ళీ ఆకాశానికి లేస్తుంది. ఒక పూట సూది తప్పితే పిల్లికి ఏమీ కాదు, తప్పుడు సూది పడితే అవుతుంది. అలాగే మనం వేసుకునే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ బిళ్ళల్లో పావు ముక్క తుంచి వేద్దామనే ఆలోచన కూడా మానుకోవాలి. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్‌కు పిల్లుల కోసం అనుమతి వచ్చిన మాట నిజమే. మూత్రంలోంచి గ్లూకోజును బయటికి పంపేసే నోటి మందులవి. కానీ వాటిని డాక్టరు ఎంచి చూసిన పిల్లులకే ఇస్తారు, కీటోన్లు, అంటే ఒళ్ళు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, రక్తంలో చేరే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తూనే ఇస్తారు. అది చదివి అదే కుటుంబానికి చెందిన మనుషుల బిళ్ళ డపాగ్లిఫ్లోజిన్‌ను సొంతంగా పిల్లికి వేయడం సాహసం, తెలివి కాదు.

పెన్ను ఇన్సులిన్ గురించీ అడుగుతుంటారు. మామూలు పెన్నులో ఒక క్లిక్కు ఒక యూనిట్, అరలు రావు. అర యూనిట్ చొప్పున తిరిగే పెన్నులు ఉన్నాయి, అవి పిల్లలకోసం చేసినవి. అయితే పెన్ను నొక్కాక పదివరకూ లెక్కపెట్టి గానీ సూది బయటికి తీయకూడదు. పిల్లి మూడు దాకా కూడా ఆగదు.

ఇక సూది వేసే పద్ధతి. ఇది చదవడానికి కష్టంగా, చేయడానికి సులువుగా ఉంటుంది. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి ముందు వెలుతురులో చూడాలి. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, నలుసులు కనిపించినా పారేయాలి. కుదపకూడదు, ఇంకే మందుతోనూ కలపకూడదు, డోసు చిన్నదని నీళ్ళతో పలచన చేయకూడదు. గ్లార్జిన్ ఆమ్ల గుణంతో ఉంటేనే తేటగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్ళాక అక్కడి ద్రవాలు తగిలి సన్నని రేణువులుగా పేరుకుని, ఆ రేణువులు మెల్లగా కరుగుతూ గంటల తరబడి పనిచేస్తుంది. పలచన చేస్తే ఆ ఏర్పాటంతా చెడిపోతుంది. సిరంజిలో బుడగ ఉంటే వేలితో తట్టి పైకి తెచ్చి సీసాలోకే వదిలేయాలి. చర్మం కింద బుడగ ప్రమాదం కాదు గానీ, అది ఉన్నంత చోటులో మందు ఉండదు. డోసు చూసేటప్పుడు సిరంజిని కంటికి సమానంగా పట్టి, లోపలి నల్ల రబ్బరులో సూది వైపున్న అంచు ఏ గీత మీద ఉందో చూడాలి. వెనక అంచు చూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు రోజూ తప్పే వేస్తుంటారు.

పిల్లిని బోర్లా పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టుకోవాల్సిన పని లేదు. దాని గిన్నె ముందు పెట్టి, అది తింటుండగా వెనక నుంచి వేయడం అందరికీ సుఖం. పక్కటెముకల మీదో, డొక్క పక్కనో బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని పైకి లేపితే చిన్న గుడారంలా నిలబడుతుంది. ఆ గుడారం గుమ్మంలోకి, ఒంటికి కాస్త వాలుగా, సూది నోటి వాలు పైకి ఉండేట్టు పోనివ్వాలి. నొక్కాలి, తీయాలి. మెడ మీది మడతలోనే రోజూ వేస్తే అక్కడ చర్మం మందమై మందు సరిగ్గా ఇంకదు. ఉదయం కుడి, సాయంత్రం ఎడమ అని పెట్టుకుని, ఆ వైపులోనూ రోజుకో వేలెడు జరుపుతూ పోవాలి. స్పిరిట్‌తో తుడవనక్కర్లేదు, ఆ వాసనకే పిల్లి పారిపోతుంది. కొత్తవాళ్ళు నాలుగు రోజులు ఉత్త నీళ్ళు ఎక్కించిన సిరంజితో బత్తాయి పండు మీద సాధన చేస్తే చెయ్యి కుదురుతుంది.

ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే సూది గుడారం ఇటు దూరి అటు బయటికి రావడం. మందంతా బొచ్చులో పడుతుంది. వేశాక ఆ చోట చేత్తో తడిమి, వేళ్ళు వాసన చూడాలి. ఇన్సులిన్‌కు బ్యాండేజీ వాసన లాంటి ఒక ఘాటు ఉంటుంది, అది కలిపిన నిల్వ పదార్థానిది. బొచ్చు తడిగా ఉంటే ఎంత లోపలికి వెళ్ళిందో ఎంత బయట పడిందో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు మళ్ళీ వేయకూడదు. సగం వేద్దామని కూడా అనుకోకూడదు. ఆ పూటకు వదిలేసి, మరుసటి పూట మామూలు డోసు వేయాలి. ఇంట్లో ఇద్దరు సూది వేసేవాళ్ళుంటే ఫ్రిజ్ మీద ఒక క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్ను ఉండాలి. వేసినవాళ్ళు ఆ గడిలో టిక్కు పెట్టాలి. ‘నువ్వు వేశావనుకున్నాను’ కన్నా ‘నువ్వు వేయలేదనుకున్నాను’ అనే మాట ఎక్కువ ప్రమాదం.

వేళల విషయంలో పన్నెండు గంటల ఎడం మంచిది. ఆరూ ఆరో, ఏడూ ఏడో, మీ ఇంటికి వీలైనది. ఓ గంట అటూ ఇటూ అయితే కొంపలు మునగవు.

చెన్నై ఎండల్లో మందును కాపాడడం ఒక పని. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచినది గది వేడిమిలో 28 రోజులు ఉండొచ్చని తయారీదారులు రాస్తారు. కానీ ఆ గది 30 డిగ్రీలు దాటకూడదు, మే నెలలో మన గదులు ఎక్కడ దాటకుండా ఉంటాయి? అందుకని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, నడి అరలో, ఐసు పెట్టెకు దూరంగా. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూపుకు మామూలుగానే ఉండొచ్చు, పనిచేస్తుందని మాత్రం నమ్మలేం. పారేయాల్సిందే. కరెంటు పోయి గంటలు గడిస్తే సీసాను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి మంచినీళ్ళ కుండ పక్కన తడిగుడ్డలో పెట్టొచ్చు. ఐసు ముక్కలను నేరుగా తగలనివ్వకూడదు. సీసా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసిపెట్టుకోండి. ఉన్నట్టుండి వారం రోజులు షుగరు పైనే ఉంటే డోసు పెంచే ముందు ఆ తేదీ చూసుకోవాలి.

తిండి దగ్గరికి వద్దాం. మనవాళ్ళ పిల్లులు తరతరాలుగా పాలన్నం, పెరుగన్నం, కాసిని నెత్తళ్ళు తిని బతికాయి. నిజమే. అవి పెరట్లో ఎలుకల్ని కూడా వేటాడి తినేవి, గోడలు దూకేవి. మూడో అంతస్తు ఫ్లాటులో సోఫా మీద పడుకునే, ఆపరేషన్ అయిన మగ పిల్లికి గిన్నెనిండా ఎండు గుళికలు పోసి ఉంచితే ఒళ్ళు పెరుగుతుంది, ఇన్సులిన్ పనిచేయడం తగ్గుతుంది. పిల్లి శుద్ధ మాంసాహారి. దానికి పిండిపదార్థం అవసరం లేదు. షుగరు పిల్లికి తిండిలోని కేలరీల్లో పిండిపదార్థం వాటా 12 శాతం లోపు ఉండాలి. ఆ అంకె పొట్లం మీద వేయరు. మనమే లెక్క కట్టుకోవాలి, కష్టమేమీ కాదు.

పొట్లం వెనక మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలు ఉంటాయి. బూడిద అంటే ఖనిజాలు. అది వేయకపోతే తడి తిండికి 2, ఎండు గుళికలకు 8 అనుకోవచ్చు. అన్నీ కూడి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. ఉదాహరణకు ఒక తడి తిండి పొట్లంలో మాంసకృత్తులు 10, కొవ్వు 4, పీచు అర, తేమ 81, బూడిద 2 అనుకుందాం. మొత్తం 97.5. మిగిలింది 2.5. ఇప్పుడు మాంసకృత్తులను, పిండిని 3.5తో, కొవ్వును 8.5తో గుణిస్తే కేలరీలు వస్తాయి: 35, దాదాపు 9, 34. మొత్తం 78లో పిండిది 9, అంటే సుమారు 11 శాతం. పనికొస్తుంది. అదే ఎండు గుళికలు తీసుకోండి: మాంసకృత్తులు 30, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8. మిగిలింది 38. కేలరీల్లో చూస్తే పిండి వాటా 41 శాతం. పొట్లం మీద పిల్లి బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది పిల్లి తిండి కాదు, సగం ధాన్యం. ‘గ్రెయిన్ ఫ్రీ’ అని రాసి ఉన్నా అంతే. బియ్యం బదులు బఠాణీ, బంగాళాదుంప పెడతారు. లెక్క కట్టకుండా నమ్మొద్దు.

ఇంట్లో ఉడికించిన కోడిమాంసం పెడితే సరిపోదా? వారం పది రోజులకైతే సరిపోతుంది. అదే ఏకైక తిండి అయితే క్యాల్షియం చాలదు, టారిన్ అనే పోషకం చాలదు. టారిన్ తక్కువైతే పిల్లికి చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఉడికించిన నీళ్ళు పారబోస్తే ఉన్న టారిన్‌లో చాలావరకు ఆ నీళ్ళతోనే పోతుంది. ఇంటి వంటే పెట్టాలనుకుంటే టారిన్, క్యాల్షియం ఎంత కలపాలో డాక్టరు చేత రాయించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన మనింటి కూర పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, షుగరు ఉన్నా లేకపోయినా.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక. ఇప్పటికే ఇన్సులిన్ వేస్తున్న పిల్లికి ఎవరో చెప్పారని రాత్రికి రాత్రి ఎండు గుళికలు ఆపేసి తడి తిండికి మార్చకూడదు. పిండి తగ్గగానే షుగరు దిగుతుంది. గుళికల మీద లెక్కకట్టి పెట్టిన డోసు ఇప్పుడు ఎక్కువైపోతుంది. మంచి పనే, మంచి ఉద్దేశమే, కానీ మూడో రోజుకు పిల్లి తూలుతుంది. తిండి మార్చేముందు డాక్టరుకు చెప్పి, డోసు ఎంత తగ్గించాలో అడిగి, వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా మార్చాలి. ఆ రోజుల్లో షుగరు తరచుగా చూస్తుండాలి. లావుగా ఉన్న పిల్లిని కూడా ఉపవాసం పెట్టి తగ్గించకూడదు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం, అంటే 6 కిలోల పిల్లికి 60 గ్రాములు తగ్గితే చాలు. పిల్లి రెండు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో చేరి అది వేరే జబ్బవుతుంది.

ఇంట్లో షుగరు చూడడం నేర్చుకోవడం సూది నేర్చుకోవడం కన్నా ముఖ్యమని మా అభిప్రాయం. ఆసుపత్రిలో కుక్కల అరుపుల మధ్య తీసిన రక్తంలో పిల్లి షుగరు భయం వల్లే 300 దాటొచ్చు. అందుకే జబ్బు ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు మూత్రంలో గ్లూకోజు, రక్తంలో ఫ్రక్టోసమిన్ కూడా చూస్తారు. ఫ్రక్టోసమిన్ గడిచిన రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. దీపావళి మర్నాడు టపాసుల మోతకు మంచం కింద దాక్కున్న పిల్లిని లాగి చూసిన అంకెను పట్టుకుని డోసు పెంచితే తప్పు ఎవరిది?

రక్తం చెవి అంచు నుంచి తీయాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చెవి అంచు వెంబడి ఒక సన్నని నరం కనిపిస్తుంది. పొడవాల్సింది ఆ నరానికీ అంచుకూ మధ్య చోటులో, నరంలో కాదు. ముందు చెవి వెచ్చబడాలి, లేకపోతే చుక్క రాదు. గుప్పెడు బియ్యం పెనం మీద కాస్త వేడిచేసి పాత సాక్సులో పోసి ముడివేసి, మన మణికట్టుకు గోరువెచ్చగా అనిపించాక చెవికి అర నిమిషం ఆనించాలి. చెవి వెనక దూది మడత పెట్టి పొడిస్తే మన వేలికి గుచ్చుకోదు. వాజలైన్ అతి పలచగా రాస్తే చుక్క బొచ్చులో పాకకుండా ముత్యంలా నిలబడుతుంది. స్ట్రిప్ అంచును ఆ ముత్యానికి తాకిస్తే అదే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో పది సెకన్లు నొక్కి పట్టి, వెంటనే ఒక మాంసం ముక్క ఇవ్వాలి. ఈ లంచం ప్రతిసారీ ఇస్తే పది రోజుల్లో మీటరు చప్పుడు వినగానే పిల్లే వచ్చి కూర్చుంటుంది.

మనుషుల మీటరు పిల్లి రక్తంలో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మనిషి రక్తంలో గ్లూకోజులో దాదాపు 42 శాతం ఎర్ర కణాల్లో ఉంటుంది, పిల్లిలో 7 శాతమే. మీటరు లెక్క మనిషికి సరిపోయేట్టు చేసినది. అయినా పనికిరాదని కాదు. ఎప్పుడూ ఒకే మీటరు వాడి, అది మనుషులదని డాక్టరుకు చెబితే చాలు. ఇంట్లో ఒక మీటరు, ఆసుపత్రిలో ఇంకొక మీటరు పెట్టి అంకెలు పోల్చి గాబరా పడొద్దు. చర్మానికి అంటించే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సారును కూడా పిల్లులకు పెడుతున్నారు. మనిషికి 14 రోజులు ఉండేది, పిల్లి మీద అంతకన్నా ముందే ఊడిపోవడం మామూలే. ఊడేలోపు ఇచ్చే బొమ్మ మాత్రం యాభై పోట్లకు సమానం.

ప్రతి సూదికి ముందు ఒక అంకె చూడాలి. మొదటి నెలల్లో అది 200 కన్నా తక్కువుంటే సూది వేయకుండా డాక్టరుకు ఫోను చేయడం క్షేమం. పిల్లి అలవాటు తెలిశాక ఆ హద్దు డాక్టరే తగ్గిస్తారు. రెండు మూడు వారాలకోసారి, డోసు మారిన వారం తర్వాత, పన్నెండు గంటలపాటు రెండేసి గంటలకు చూసి కాగితం మీద గీత గీయాలి. అన్నిటికన్నా కింది అంకె 80 నుంచి 150 మధ్య ఉండాలి. 270కి అటూ ఇటూగా దాటితే మూత్రంలోకి గ్లూకోజు పోవడం మొదలవుతుంది, ఆ నీళ్ళ దాహమంతా దానివల్లే. ఒక్క రోజు ఉదయం 380 కనిపించిందని డోసు పెంచకూడదు. గ్లార్జిన్ కుదురుకోవడానికి అయిదారు రోజులు పడుతుంది. డోసు మార్పు వారానికి ఒకసారి కన్నా ఎక్కువ వద్దు. అదీ కింది అంకె చూసి, పైది చూసి కాదు.

మీటరు లేని రోజు కూడా కొన్ని తెలుస్తాయి. నీళ్ళను కొలపాత్రతో పోసి మర్నాడు మిగిలింది కొలిస్తే, 4 కిలోల పిల్లి రోజుకు 200 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే షుగరు అదుపులో లేదని అనుమానించాలి. వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే నరాలు దెబ్బతిన్నట్టు, షుగరు అదుపులోకొచ్చాక నెలల మీద మెల్లగా కోలుకుంటుంది. ఇక పాతకాలం పరీక్ష ఒకటుంది: మట్టి తొట్టిలో పిల్లి మూత్రం పోసిన చోట చీమలు బారులు తీరడం. జబ్బు ఇంకా తేలని ఇళ్ళలో, పిల్లి బాగా తింటూనే చిక్కిపోతున్నప్పుడు, మొదట చెప్పేది తరచు ఆ చీమలే.

షుగరు ఎక్కువగా ఉంటే చెడు రోజుల మీద జరుగుతుంది. తక్కువైతే గంటల మీద. 60 కన్నా తక్కువైతే, లేదా అంకె చూడకపోయినా పిల్లి తూలుతుంటే, శూన్యంలోకి చూస్తుంటే, వణుకుతుంటే, ఉన్నట్టుండి ఆవురావురుమంటుంటే ముందు తిండి పెట్టాలి. ఈ ఒక్కసారికి ఎండు గుళికలే మంచివి. తినలేకపోతే ఒక చిన్న చెంచాడు తేనె, లేదా చెంచాడు గ్లూకాన్‌-డి పొడిని కాసిని నీళ్ళలో పాకంలా కలిపి వేలితో చిగుళ్ళకు రాయాలి. ఫిట్స్ వస్తున్న పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలు పళ్ళ మధ్య పెట్టకూడదు, పెదవి పక్కకు లాగి చిగురు మీదే రాయాలి. షుగరు రోగులున్న ఇంట్లో కొన్నిసార్లు పంచదార బదులు షుగర్ ఫ్రీ డబ్బా ఒక్కటే ఉంటుంది. అది ఇక్కడ దేనికీ పనికిరాదు. తేనె సీసా ఒకటి సూదులున్న డబ్బాలోనే పెట్టి ఉంచండి. పిల్లి లేచి తిరిగినా పని అయిపోలేదు. తేనె అరగంటలో అరిగిపోతుంది, ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. పావుగంటకోసారి, తర్వాత గంటకోసారి చూస్తూ, తిండి పెడుతూ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో పగలే కనుక్కుని నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి.

దీనికి విరుద్ధమైన ప్రమాదం కీటోన్లు. పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, మూలకు ముడుచుకుని, నోరు గోళ్ళరంగు తుడిచే ద్రవంలా వాసన వేస్తుంటే ఇంట్లో చేసేదేమీ లేదు. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్ ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లో ఉంటే మంచిది. రంగు మారితే సెలైను ఎక్కించగల ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. తినని పూట సూది సంగతి కూడా ముందే అడిగి రాసిపెట్టుకోవాలి: సగం తింటే ఎంత, ఏమీ తినకపోతే ఎంత అని. ఆ పూట వచ్చినప్పుడు ఎవరికీ సరైన ఆలోచన రాదు.

అన్నీ సరిగ్గా చేస్తున్నా డోసు పెరుగుతూనే పోయి, కిలోకు ఒకటిన్నర యూనిట్ దాటినా షుగరు దిగకపోతే కారణం వేరే చోట వెతకాలి. పుచ్చిన పన్ను, మూత్రంలో ఇన్ఫెక్షను, క్లోమం వాపు, దురదకని ఎప్పుడో వేయించిన స్టెరాయిడ్ ఇంజెక్షను. కొన్ని పిల్లుల్లో పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల పెరుగుదల హార్మోను ఎక్కువై ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు, దానికి ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష ఉంది. స్టెరాయిడ్ సంగతి డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి.

మరోవైపు, జబ్బు తేలిన మొదటి ఆరు నెలల్లోనే షుగరును గట్టిగా అదుపులో పెట్టిన పిల్లుల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయేవి ఉన్నాయి. కింది అంకెలు వారం వారం దిగుతూ, అర యూనిట్‌కు తగ్గించినా దిగుతూ ఉంటే అది ఆ సూచన. మనిషి షుగరులో అలవాటైన ‘ఒకసారి సూది మొదలుపెడితే జీవితాంతం’ అనే మాట విని, ఇంకా అవసరం లేని పిల్లికి పాత డోసే వేస్తూ పోతే మళ్ళీ తేనె సీసా దాకా వస్తుంది. సూది ఆగాక కూడా వారానికోసారి చెవి పొడవాలి, గుళికలు మళ్ళీ మొదలుపెట్టకూడదు.

సంక్రాంతికి నెల్లూరో తిరుపతో వెళ్ళేవాళ్ళు పిల్లిని పొరుగువాళ్ళకు అప్పగించేటప్పుడు సిరంజిలో ముందే మందు ఎక్కించి వరుసగా పేర్చి వెళ్ళకండి. కనీసం మూడు పూటలు వాళ్ళ చేత మీ ఎదుటే వేయించండి. అన్నిటికన్నా చివర, వాడిన సూదుల సంగతి. వాటిని చెత్త సంచిలో పడేస్తే తెల్లవారుజామున వట్టి చేతులతో చెత్త వేరుచేసే కార్మికుల వేళ్ళలోకి దిగుతాయి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇంట్లో వాడిన సూదులను, సిరంజిలను ప్రమాదకర గృహవ్యర్థాల్లో చేర్చాయి, విడిగా ఇవ్వమన్నాయి. మందపాటి ప్లాస్టిక్ సీసాలో, అంటే ఫినాయిలు డబ్బా లాంటిదానిలో, సూదిని మూత పెట్టకుండానే వేసి, ముప్పాతిక నిండాక మూత బిగించి టేపు చుట్టి, పైన ‘సూదులు’ అని తమిళంలో పెద్దగా రాసి ఇవ్వాలి. లేదా మందు రాసిన ఆసుపత్రినే తీసుకోమని అడగాలి.

1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ ఇప్పుడు వేపేరిలో ఉంది. ఆ కాలేజీ ఆసుపత్రిలోనూ, నగరంలోని ఇతర పశువైద్యశాలల్లోనూ తమిళంతోపాటు తెలుగులో కూడా ఒక్క పేజీ కాగితం ఇస్తే బాగుంటుంది: ఏ రంగు మూత, ఎన్ని గీతలు, ఎంత తక్కువైతే సూది వేయకూడదు, తేనె ఎక్కడ రాయాలి. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. ఆ కాగితం వచ్చేదాకా మీ పాఠకులు ఈ రాత్రి సూది వేసే ముందు సిరంజి మూత ఏ రంగో ఒకసారి చూసుకుంటే చాలు.

ఇట్లు,
పిల్లుల్ని పెంచుకునే కొందరు పాఠకులు,
పెరంబూరు, చెన్నై.